సురక్ష గ్యాస్ పైపు: సరుకు మంచిదే, తేదీ చూసి కొనండి

వంటింట్లో గ్యాస్ బండకూ పొయ్యికీ మధ్య ఉండే నారింజ రంగు పైపును ఏజెన్సీల్లో సురక్ష పైపు అంటారు. మీటరున్నర పొడవుది రెండు వందల రూపాయలకు అటూ ఇటూగా వస్తుంది. బజారులో ఆకుపచ్చ, నీలం పైపులను చుట్టలోంచి మీటర్ల లెక్కన కోసి, గ్యాస్ పైపులే అని ఇంకా చౌకగా ఇస్తారు. ఆ కాస్త డబ్బు మిగుల్చుకోవద్దని గట్టిగా చెబుతున్నాం. ఎందుకో తెలియాలంటే రెండింటి లోపలి సరుకు చూడాలి.

వంటగ్యాస్ ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం, అంటే పెట్రోలుకు దగ్గరి చుట్టం. పెట్రోలులో పడ్డ మామూలు రబ్బరు బ్యాండు ఉబ్బి, మెత్తబడి, చివరికి లాగితే తెగిపోతుంది. చెట్టు పాలతో చేసిన రబ్బరు ఈ గ్యాస్‌కు పనికిరాకపోవడానికి కారణం అదే. అందుకే సురక్ష పైపు లోపలి గొట్టానికి నైట్రైల్ రబ్బరు వాడతారు. బ్యూటడయీన్ అనే రసాయనానికి అక్రిలోనైట్రైల్ అనే మరో రసాయనం కలిపి చేసే సింథటిక్ రబ్బరు ఇది. అక్రిలోనైట్రైల్ వంతు పెరిగేకొద్దీ నూనెలకూ గ్యాస్‌కూ తట్టుకునే శక్తి పెరుగుతుంది, వంగే గుణం తగ్గుతుంది. గొట్టం మీద సన్నని ఉక్కు తీగ అల్లిక, దానిపైన తేలిగ్గా మంట అంటుకోని రబ్బరు తొడుగు ఉంటాయి. ఎలుకలు తిరిగే ఇళ్లలో ఆ తీగ అల్లికే పెద్ద రక్ష. పైతొడుగును కొరికినా పళ్లు లోపలి గొట్టం దాకా దిగడం కష్టం.

చౌక పైపులు చాలావరకు పీవీసీవి. పీవీసీని మెత్తగా ఉంచేది అందులో కలిపిన ప్లాస్టిసైజర్ నూనె. గ్యాస్ ఆ నూనెను మెల్లగా లాగేస్తుంది. కొన్నప్పుడు చుట్ట చుట్టుకున్న పైపు కొన్నాళ్లకు కర్రలా బిగుసుకుని, నాజిల్ (పైపును ఎక్కించే పొయ్యి, రెగ్యులేటర్ల మూతి) దగ్గర నిలువునా చీలుతుంది. పైకి రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది, మోసం అక్కడే.

కొనేటప్పుడు పైపును చేతిలోకి తీసుకుని పొడవునా ఉన్న ముద్ర చదవండి. ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 9573 అన్న సంఖ్య, సీఎం/ఎల్ తో మొదలయ్యే లైసెన్సు నంబరు, తయారైన కాలం ఉండాలి. లైసెన్సు నంబరును ఐఎస్ఐ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీదో, చెల్లుబాటులో ఉందో లేదో తెలుస్తుంది. ఐదేళ్లకు పైపు మార్చాలి. ఆ ఐదేళ్లను మీరు బిగించిన రోజు నుంచి కాక, తయారైన తేదీ నుంచి లెక్కపెట్టుకోవడం మేలు, ఎందుకంటే రబ్బరు గోదాములో ఉన్నా ముదురుతూనే ఉంటుంది. ఏడాదిన్నర పాత సరుకు ఇస్తే వెనక్కిచ్చి కొత్తది అడగండి.

ముందు పాడయ్యేవి రెండు కొసలే. నాజిల్ మీద రబ్బరు ఎప్పుడూ సాగి ఉంటుంది. సాగి ఉన్న నైట్రైల్‌ను గాలిలోని ఓజోన్ త్వరగా పగులగొడుతుంది. పొయ్యి వైపు కొసకు దానికి తోడు వేడి, పోపు నూనె జిడ్డు. కొన్నేళ్లకు రబ్బరు సాగిన ఆకారంలోనే ఉండిపోయి పట్టు వదిలేస్తుంది. నెలకోసారి ఆ కొసను కాస్త వంచి చూడండి. వెంట్రుకంత పగులు కనిపించినా, పైపు నాజిల్ మీద వేలితో తిరిగిపోతున్నా మార్చాల్సిందే. వదులైన కొసకు క్లిప్పు బిగించి నెట్టుకురావద్దు, క్లిప్పు అంచు రబ్బరును కోస్తుంది.

బిగించే ముందు రెగ్యులేటర్, పొయ్యి నాబులు కట్టేయండి. పైపు కొసను నీళ్లతో తడిపి, కొద్దికొద్దిగా తిప్పుతూ నాజిల్ మొదలు కనిపించనంత వరకు తొయ్యండి. కొబ్బరినూనె రాస్తే సులువుగా ఎక్కుతుంది కానీ అంతే సులువుగా జారిపోతుంది. మంట మీద కాచి ఎక్కించడం మరీ తప్పు. తర్వాత నాబులు మూసే ఉంచి రెగ్యులేటర్ తెరిచి, రెండు కొసలకూ సబ్బు నురగ రాయండి. బుడగ లేచిందంటే గ్యాస్ కారుతున్నట్టే. అగ్గిపుల్లతో పరీక్షించకండి. పరీక్ష అయ్యాక సబ్బును తడిబట్టతో తుడిచేయండి.

లోపాలూ ఉన్నాయి. తీగ వల్ల పైపు బిరుసు. బండ పొయ్యికి మరీ దగ్గరగా ఉంటే మెలిక పడి, ఆ ఒత్తిడి మొత్తం నాజిల్ మీద పడుతుంది. పొయ్యి జరిపి తుడిచిన ప్రతిసారీ కొస మెలితిరుగుతుంది, అందుకే ఒక చేత్తో పైపును పట్టుకుని జరపాలి. గ్రానైట్ గట్టుకు రంధ్రం వేసి పైపు దింపే ఇళ్లలో ఆ రంధ్రం అంచును నునుపు చేయించాలి, లేదంటే పైతొడుగు అరిగి తీగ బయటపడుతుంది. కాకినాడ, విశాఖ లాంటి తీర ప్రాంతాల్లో బయటపడ్డ తీగకు తుప్పు త్వరగా పడుతుంది. పొడవు ఎక్కువైందని పైపు కోయకూడదన్నదీ ఇందుకే, కోసిన చోట తీగ కొసలు తేలతాయి. రెండు ముక్కలను అతకడం, గోడలోంచి పంపడం, బట్టో మరో తొడుగో చుట్టి పగుళ్లు కనపడకుండా చేయడం అసలే వద్దు.

టిఫిన్ బండ్ల వాళ్లకు ఒక్క మాట. ఇంటి రెగ్యులేటర్ నుంచి గ్యాస్ చదరపు సెంటీమీటరుకు 30 గ్రాముల ఒత్తిడితోనే వస్తుంది, ఇంటి పైపు ఆ లెక్కకే తయారైంది. భట్టీ పొయ్యిలకు పెట్టే హైప్రెషర్ రెగ్యులేటర్ వదిలే ఒత్తిడి అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. దానికి ఈ పైపు తగిలిస్తే పొయ్యి బాగానే వెలుగుతుంది, ఒకనాడు కొస ఊడి గ్యాస్ నేల మీద పరుచుకుంటుంది. అక్కడ హైప్రెషర్‌కు తగిన పైపునే, బిగింపులతో సహా ఏజెన్సీని అడిగి తీసుకోండి.