"ఉచిత కండరాల పరీక్ష" క్యాంపుల్లో అమ్మే పొడి డబ్బాలు కొనకండి

గుంటూరు, తెనాలి వైపు అపార్ట్‌మెంట్లలో ఆదివారం పూట "ఉచిత కండరాల పరీక్ష" అని బల్ల వేసుకుని కూర్చుంటున్నవాళ్ళ దగ్గర దయచేసి ఏమీ కొనకండి. పేరు రాయడం లేదు. ఎవరి గురించో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. అదే, చెప్పులు విప్పించి మిషన్ మీద నిలబెట్టి, "మీ కండరాల వయసు ఎనభై ఐదు" అని కాగితం చేతిలో పెడతారే, వాళ్ళే. మా ఇంట్లో 14,400 రూపాయలు పట్టుకుపోయారు. డబ్బు పోయినందుకు ఇంత కోపం రాలేదు నాకు. నిన్న సాయంత్రం ఫోన్లో అది అమ్మినతను అన్న మాటకి వచ్చింది.

సంగతి ఇదీ. నాన్నకి డెబ్బై రెండేళ్ళు, షుగర్ ఉంది. చలికాలంలో జ్వరం వచ్చి మంచాన పడ్డాక తొడలు బాగా సన్నబడ్డాయి, కుర్చీలోంచి లేవాలంటే చేతులు ఆనించాల్సి వస్తోంది. వయసుతో కండ తగ్గడాన్ని డాక్టర్లు సార్కోపీనియా అంటారు, జబ్బు చేసి కదలకుండా ఉంటే అది ఇంకా తొందరగా తగ్గుతుంది. అమ్మ హడలిపోయి ఉంది. సరిగ్గా అప్పుడే మా సెల్లార్‌లో క్యాంపు పెట్టారు. ఆరు డబ్బాల ప్రోటీన్ పొడి, నాలుగు నెలల కోర్సు. "పిన్నిగారూ, కోర్సు అయ్యేలోపు బాబాయిగారు తిరుమల మెట్లెక్కుతారు, పూచీ నాది" అన్నాడట. ఇది తాగేవాళ్ళకి గుడ్లు, పప్పు పెద్దగా అక్కర్లేదని కూడా చెప్పాడు. అమ్మ అతని మాట నమ్మి నాన్నకి రోజూ పెట్టే గుడ్డు మానేసింది.

రెండు డబ్బాలు అయ్యేసరికి నాన్నకి పరగడుపు షుగర్ బాగా పెరిగింది. నడకలో మార్పేమీ లేదు. రిపోర్టులు చూసి డాక్టరు గారు, "కొత్తగా ఏం మొదలుపెట్టారు?" అని అడిగారు. ఇంటికొచ్చి డబ్బా వెనక చదివాను.

ముందువైపు పెద్ద అక్షరాలతో "ప్రోటీన్ 40 గ్రాములు" అని ఉంది. వెనక చూస్తే అది వంద గ్రాముల పొడికి. డబ్బాలో ఇచ్చిన చెంచాలో పట్టేది పది గ్రాములు. అంటే చెంచాకి నాలుగు, రోజుకి రెండు చెంచాలకి ఎనిమిది గ్రాముల ప్రోటీన్. ఒక కోడిగుడ్డులోనే ఆరు గ్రాముల దాకా ఉంటుంది. నాన్న బరువు 62 కిలోలు. వయసు మళ్ళినవాళ్ళకి కిలో బరువుకి రోజుకి 1 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ కావాలని వైద్య నిపుణుల సంఘాలు చెబుతున్నాయి, మూత్రపిండాలు బాగుంటేనే. ఆ లెక్కన నాన్నకి 62 నుంచి 74 గ్రాములు కావాలి. ఎనిమిది గ్రాములిచ్చే పొడిని నమ్మించి, ఆరు గ్రాములిచ్చే గుడ్డు మాన్పించారు. 2,400 రూపాయల డబ్బాలో ఉన్నది 400 గ్రాముల పొడి, అందులో ప్రోటీన్ 160 గ్రాములు. గ్రాము పదిహేను రూపాయలు పడింది. గుడ్డులో అదే గ్రాము రూపాయి పావలాకి అటూ ఇటూగా వస్తుంది.

"చక్కెర కలపలేదు" అని ఇంకో ముద్ర. పదార్థాల పట్టికలో మొట్టమొదటి పేరు మాల్టోడెక్స్‌ట్రిన్. ఏది ఎక్కువ బరువుంటే దాన్నే ముందు రాయాలన్నది లేబుల్ నియమం. మాల్టోడెక్స్‌ట్రిన్ అంటే పిండి పదార్థాన్ని విడగొట్టి చేసే పొడి, రక్తంలో షుగర్‌ని దాదాపు గ్లూకోజ్ అంత వేగంగానూ పెంచుతుంది. నాన్నకి షుగర్ ఉందని అమ్మ చెప్పింది. చెప్పిన తర్వాతే ఇది అమ్మాడు.

హెచ్‌ఎంబీ కూడా ఉందని రంగు బొమ్మ వేశారు. ప్రోటీన్ నుంచి ఒంట్లో కొద్దిగా తయారయ్యే పదార్థమది. ముసలివాళ్ళలో కండ నిలబెట్టడానికి పనికొస్తుందేమోనని పరిశోధనల్లో వాడి చూసింది మామూలుగా రోజుకి 3 గ్రాములు. ఈ పొడి రెండు చెంచాల్లో ఉన్నది 200 మిల్లీగ్రాములు, అంటే పదిహేనో వంతు. పేరు వేసుకోవడానికే కలిపినట్టుంది. అన్నిటికంటే కింద చిన్న అక్షరాల్లో "వైద్య ప్రయోజనాల కోసం కాదు" అని ఉంది. హెల్త్ సప్లిమెంట్ల మీద ఆ మాట ఉండాలని నిబంధన. డబ్బా మీద అలా రాసుకుని, బల్ల దగ్గర మాత్రం కోర్సు, డోసు, పూచీ అని మందులాగే మాట్లాడారు.

మిగిలిన నాలుగు డబ్బాలు సీలు కూడా తీయలేదు, వెనక్కి తీసుకోమని అడుగుదామని ఫోన్ చేశాను. నాన్న పక్కనే ఉన్నారు, నేనూ వింటానంటే స్పీకర్ పెట్టాను. మొదట బాగానే మాట్లాడాడు. డబ్బాలు వెనక్కి అనగానే గొంతు మారింది. అమ్మిన సరుకు తీసుకోరట. నాన్న మెట్లెక్కుతారని చెప్పే కదా మీరు అమ్మారు అన్నాను. అప్పుడన్నాడు: "మేడమ్, ఆయనకి డెబ్బై రెండేళ్ళు. ఆ వయసులో కొత్తగా కండ ఎక్కడి నుంచి వస్తుందండీ? మోడుకి నీళ్ళు పోస్తే చిగురేస్తుందా?"

నాన్న విన్నారు. నా చేతిలోంచి ఫోన్ తీసుకోలేదు, ఒక్క మాట అనలేదు, లేచి లోపలికెళ్ళారు. లేవడానికి పక్కన బల్ల పట్టుకున్నారు. ఇవాళ పొద్దున నడకకి వెళ్ళలేదు. అడిగితే, "అతను అన్నది నిజమే కదమ్మా" అన్నారు. అమ్మ ఆ నాలుగు డబ్బాల వంక చూసి ఏడుస్తోంది, తనే కొన్నానని. తప్పు అమ్మది కాదు. భర్త నాలుగడుగులు గట్టిగా వేయాలని ఆశపడిన మనిషి ఆశ పట్టుకుని డబ్బు గుంజినవాడిది.

డబ్బు తీసుకునేటప్పుడు ఆ వయసు అడ్డురాలేదు. బాబాయిగారు మెట్లెక్కుతారని నోరారా చెప్పాడు. డబ్బు వెనక్కి ఇవ్వాల్సి వచ్చేసరికి అదే మనిషి మోడైపోయాడు. డబ్బాతో కండ వస్తుందని చెప్పిన అబద్ధం కంటే, ఈ వయసులో ఇక రాదన్న అబద్ధం మా ఇంటికి ఎక్కువ చెరుపు చేసింది. మొదటిదాన్ని లేబుల్ చదివి పట్టుకోవచ్చు. రెండోదాన్ని నాన్న నిజమని నమ్మేస్తున్నారు.

అది నిజం కాదు. 1994లో అమెరికాలోని బోస్టన్‌లో ఒక వృద్ధాశ్రమంలో వందమంది మీద చేసిన పరిశోధన ఫలితాలు వచ్చాయి. వాళ్ళ సగటు వయసు 87. పది వారాల పాటు కొందరితో కాళ్ళకి బరువులతో వ్యాయామం చేయించారు, కొందరికి పోషకాల పానీయం ఇచ్చారు, కొందరికి రెండూ. వ్యాయామం చేసినవాళ్ళ కండబలం రెండింతలు దాటింది. వ్యాయామం లేకుండా పానీయం ఒక్కటే తాగినవాళ్ళ బలహీనత తగ్గలేదు. మా నాన్న వాళ్ళ సగటు వయసు కంటే పదిహేనేళ్ళు చిన్న! ఇవాళ మధ్యాహ్నం ఇదంతా ఆయన పక్కన కూర్చుని చదివి వినిపించాను. ఏమీ అనలేదు కానీ, ఆ వృద్ధాశ్రమం వాళ్ళు ఏం వ్యాయామం చేశారని అడిగారు.

ఆ మిషన్ కాగితం గురించి కూడా చెప్పాలి. ఒంట్లోకి సన్నగా కరెంటు పంపి కండ ఎంతుందో అంచనా వేస్తుందది. నీళ్ళు తాగారా లేదా, కాళ్ళవాపు ఉందా అన్నదాన్ని బట్టి అంకెలు మారిపోతాయి. మా డాక్టరు గారు చేయించిన పరీక్షకి కుర్చీ ఒక్కటే కావాలి. చేతులు గుండెల మీద కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోమన్నారు. ఆసియా దేశాల నిపుణుల 2019 ప్రమాణాల ప్రకారం దానికి 12 సెకన్లు, అంతకు మించి పడితే అనుమానించి చూడాలి. పిడికిలి బలం కూడా చూస్తారు. మగవాళ్ళకి 28 కిలోల లోపు, ఆడవాళ్ళకి 18 కిలోల లోపు ఉంటే తక్కువ కింద లెక్క. ఆ తర్వాత మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష రాశారు. షుగర్ ఉన్నవాళ్ళకి మూత్రపిండాలు దెబ్బతిని ఉండొచ్చు, అది చూడకుండా ప్రోటీన్ పెంచకూడదన్నారు. క్యాంపులో ఈ ప్రశ్న ఒక్కరు కూడా అడగలేదు.

ఇంట్లో పెద్దవాళ్ళకి ఇలాంటి పొడి ఏదైనా కొనేముందు చెంచాకి ఎంత ప్రోటీనో, పదార్థాల్లో మొదటి పేరేంటో చూడండి. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు ఉందో లేదో, అది ఎవరి పేరు మీద ఉందో ఆ సంస్థ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. జీఎస్‌టీ నంబరున్న బిల్లు అడగండి, మాకిచ్చింది తెల్లకాగితం మీద సంతకం. నేను 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేశాను, మీరు కొని ఉంటే మీరూ చేయండి.

వచ్చే ఆదివారం తెనాలిలో క్యాంపు ఉందని వాట్సాప్‌లో కరపత్రం తిరుగుతోంది. అక్కడ మీ అమ్మానాన్నలు, అత్తమామలు ఎవరున్నా ఇవాళే ఫోన్ చేసి చెప్పండి.