వెడ్జీ స్లెడ్‌తో నాలుగేళ్లు: చెక్క ముక్కలు అతికించి లేత్ మీద తిప్పిన గిన్నెలు

గిన్నె కోసం వలయంగా పేర్చే పన్నెండు చెక్క ముక్కల్లో పదకొండు చక్కగా కుదిరి, పన్నెండోది పెట్టబోతే సందు మిగిలిపోతుంది. మైటర్ గేజ్‌తో (రంపపు బల్ల మీద కోణం పెట్టి కోసే సాధనం) కోసినన్నాళ్లూ నాకు ఇదే బాధ. లెక్క సులువే. 12 ముక్కల వలయానికి ముక్కకు రెండు కోతలు, ఒక్కో కోత 15 డిగ్రీలు. కానీ కోతకు పదో వంతు డిగ్రీ తేడా వచ్చినా 24 కోతలకు 2.4 డిగ్రీలు అవుతుంది. 20 సెంటీమీటర్ల గిన్నె అంచు దగ్గర అది 4 మిల్లీమీటర్ల సందు.

లేత్ మీద చెక్క వస్తువులు చేసే అమెరికన్ టర్నర్ జెర్రీ బెన్నెట్ ప్రచారంలోకి తెచ్చిన వెడ్జీ స్లెడ్ ఈ టెన్షన్ తీర్చింది. రంపపు బల్ల మీద జరిపే ప్లైవుడ్ పలక, దాని మీద రెండు ఫెన్సులు (కర్రను ఆనించే పట్టీలు), వాటి మధ్య కోణం సరిచూడటానికి 30 డిగ్రీల వెడ్జ్, అంటే చీలిక ఆకారపు ముక్క. బద్దను ఒకసారి ఈ ఫెన్సుకు, మరోసారి ఆ ఫెన్సుకు ఆనించి కోస్తాం. ఒకవైపు 14.8, రెండోవైపు 15.2 పడినా కలిపితే 30 డిగ్రీలే కాబట్టి వలయం మూసుకుంటుంది. మొదట చెక్కతో చేసుకున్న వెడ్జ్ ఒక వానాకాలంలోనే తేడా చూపించింది. అక్రిలిక్‌ది వాడటం మొదలుపెట్టాక మళ్లీ ఆ సమస్య రాలేదు. కోసిన చిన్న ముక్కను మాత్రం రంపం పూర్తిగా ఆగాకే తీస్తాను.

జిగురు పూసే ముందు ముక్కల అంచుల్లోని పీచును ఎమెరీ పేపర్‌తో తీసేసి, వలయాన్ని హోస్ క్లిప్‌తో బిగించి ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టుకుంటాను. ఎక్కడా వెలుగు గీత కనపడకూడదు. సన్నటి గీత కనపడినా జిగురు దాన్ని పూడ్చదు, ఆ ముక్క మళ్లీ కోయాల్సిందే.

కలప విషయానికొస్తే నాకిష్టమైన జత నల్లటి జిట్రేగి (రోజ్‌వుడ్), తెల్లటి అంకుడు. ఏటికొప్పాక బొమ్మలు చేసేది ఈ అంకుడు కర్రతోనే. లేత్ మీద వెన్నలా తెగుతుంది. అయితే జిట్రేగి నల్లపొడి దాని రంధ్రాల్లోకి దిగితే తెలుపు మాసిపోతుంది. అందుకే ఎమెరీ తక్కువ, పదునైన స్క్రేపర్ ఎక్కువ. పాలిష్ గుడ్డను కూడా వలయం వెంబడే తిప్పాలి, నలుపు మీంచి తెలుపు మీదకు లాగకూడదు. టేకులో నూనె ఉంటుంది, జిగురు పూసే ముందు అసిటోన్‌తో తుడవాలి.

నేను చేసిన పెద్ద పొరపాటు అడుగుభాగం విషయంలో. ఒకే టేకు పలకను గుండ్రంగా కోసి వలయానికి గట్టిగా అతికించాను. హైదరాబాద్ ఎండలకు పలక పీచుకు అడ్డంగా కుంచించుకుపోయింది, వలయం మాత్రం కదల్లేదు. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం టప్‌మని చప్పుడైంది. వెళ్లి చూస్తే అడుగున గోరు పట్టేంత పగులు. మూడు వారాల పని. ఆ బాధ ఇప్పటికీ ఉంది. ఇప్పుడు అడుగును కూడా ముక్కల వలయంగానే కట్టి, నడుమ చిన్న బిళ్లను గాడిలో జిగురు లేకుండా వదులుగా కూర్చోబెడుతున్నాను. అలా చేసిన మొదటి గిన్నెకు మూడు వేసవులు దాటాయి. చిన్న చీలిక కూడా రాలేదు. వానాకాలంలో వేలితో తడిమితే అతుకుల దగ్గర వెంట్రుకంత గట్టు తగులుతుంది, ఎండాకాలానికి అదీ పోతుంది.