వీణ పాఠాలకి యూఎస్‌బీ సౌండ్ కార్డు: నాలుగేళ్లు వాడాక

అమెరికాలో డాలస్‌లో ఉండి వీడియో కాల్‌లో నా దగ్గర నేర్చుకునే ఒకమ్మాయి ఆరు నెలల పాటు ఆభోగి రాగంలో గాంధారాన్ని, అంటే ‘గ’ స్వరాన్ని, చదునుగా వాయించింది. ఒక్క మీటు మీటి, తీగను పక్కకి లాగి, ఆ స్వరాన్ని ఊపుతూ తేవాలి. నేను వాయించి చూపించేదాన్ని. ఆ పిల్ల మెట్టు మీద వేలు పెట్టి, మీటి, వదిలేసేది. మళ్లీ చూపించేదాన్ని, మళ్లీ అంతే. ‘శ్రద్ధగా వినమ్మా’ అని ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు. ఒకరోజు గట్టిగానే కోప్పడ్డాను. వాళ్లమ్మ ‘రోజూ గంట సాధన చేస్తోంది టీచర్, ఎక్కడ తేడా వస్తోందో మాకూ అర్థం కావడం లేదు’ అంటే, కూతుర్ని వెనకేసుకొస్తోంది అనుకున్నాను.

ఆ పిల్లకి అసలు ఆ ఊపు, అంటే గమకం, వినపడనే లేదని తర్వాత తెలిసింది.

నా మేనల్లుడికి అనుమానం వచ్చి, ‘అత్తా, నువ్వు వాయించేది అక్కడ ఎలా వినిపిస్తోందో ఎప్పుడైనా విన్నావా?’ అని అడిగాడు. వినలేదు. వాళ్లమ్మని అడిగి, ఒక క్లాసు వాళ్ల వైపు నుంచి రికార్డు చేయించి తెప్పించుకున్నాం. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. మీటు వినపడుతోంది. అర సెకను తిరక్కుండానే ఎవరో తీగ మీద చెయ్యి వేసి ఆపేసినట్టు నాదం తెగిపోతోంది. మళ్లీ మీటు, మళ్లీ ఖాళీ. ఆరు నెలలుగా ఆ పిల్ల విన్నది ఇదే. విన్నది విన్నట్టుగా తు.చ. తప్పకుండా వాయించింది. ఆ రికార్డింగు విన్న రోజు నాకు అన్నం సహించలేదు.

ల్యాప్‌టాప్‌లోనూ, వీడియో కాల్ యాప్‌లోనూ ఉండే నాయిస్ తగ్గించే ఏర్పాటు మాటల కోసం చేసింది. మాట వచ్చి ఆగుతుంది, మళ్లీ వస్తుంది. ఆగకుండా సన్నగా సాగే శబ్దం ఏదైనా ఫ్యానో ఏసీయో అనుకుని అది నొక్కేస్తుంది. వీణలో గమకం ఉండేదంతా మీటు తర్వాత సన్నబడుతూ సాగే ఆ నాదంలోనే. మీటుని ఉంచి సంగీతాన్ని తీసేసిందన్నమాట.

అలా 2021 దసరాకి ఈ సౌండ్ కార్డు, మైకు శబ్దాన్ని ల్యాప్‌టాప్‌కి చేర్చే చిన్న పెట్టె, ఇంటికొచ్చింది. ఒక మైకు, ఒక వాద్యం పెట్టుకునే రకం. రెండు గుబ్బలు, ఇయర్‌ఫోన్ రంధ్రం, ల్యాప్‌టాప్‌కి ఒక వైరు. తొమ్మిది వేల పైచిలుకు అయింది. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ తరహా పెట్టెలు చాలానే ఉన్నాయి, నేను చెప్పేది దాదాపు అన్నిటికీ వర్తిస్తుంది. స్పెసిఫికేషన్లు డబ్బా మీద ఎలాగూ ఉంటాయి.

మొదటి రోజు ఏ తేడా లేదు. వైరు పెట్టాం, గుబ్బ తిప్పాం, పచ్చ దీపం వెలిగింది. మళ్లీ రికార్డింగు తెప్పించుకుంటే మళ్లీ అదే తెగిపోయిన నాదం. డబ్బులు దండగ అయ్యాయని దిగులు పడ్డాను. పెట్టె వల్ల ల్యాప్‌టాప్ సొంత మైకు, దానికి పెట్టిన వడపోత పక్కకి తప్పుకున్నాయి గానీ, యాప్ చేసే వడపోత అలాగే ఉంది. సెట్టింగుల్లో వెతికితే సంగీతం కోసం వేరే ఒక ఏర్పాటు దొరికింది. కొన్ని యాప్‌లలో దాన్ని ‘ఒరిజినల్ సౌండ్’ అంటారు. అది ఆన్ చేసి, ఎకో తగ్గించేది ఆపేశాం. ఎకో ఆపితే రెండు వైపులా ఇయర్‌ఫోన్లు పెట్టుకోక తప్పదు, లేకపోతే మన శబ్దమే తిరిగి మనకి వినపడుతుంది.

ఆ శనివారం పొద్దున్న ఆరున్నరకి, వాళ్లకి శుక్రవారం రాత్రి ఎనిమిదికి, క్లాసు మొదలైంది. ఏమీ చెప్పకుండా గాంధారం ఒక్కటే వాయించాను. ఆ పిల్ల కాసేపు మాట్లాడలేదు. ‘టీచర్, ఇంకోసారి’ అంది. మూడు సార్లు అలాగే అడిగింది. తర్వాత తన వీణ మీద వేలు పెట్టి లాగింది. సరిగ్గా రాలేదు, కానీ లాగింది. ఆ పూట ఆ పిల్లకి క్షమాపణ చెప్పుకున్నాను.

అందుకే ఈ పెట్టె మీద నాకు అంత ప్రేమ. అయినా నిజం చెప్పాలంటే ఆ రోజు ఘనతలో సగం డబ్బులు పెట్టక్కర్లేని ఆ సెట్టింగుదే. తర్వాత ఒకసారి పెట్టె తీసేసి, ఉత్త ల్యాప్‌టాప్ మైకుతో, అదే సెట్టింగుతో చేసి చూశాం. గమకం వినపడింది. దాంతోపాటు ఫ్యాను, వీధిలో కూరగాయల బండి, పక్కింటి కుక్కర్ కూడా వినపడ్డాయి, వీణ దూరంగా ఎక్కడో గదిలో వాయిస్తున్నట్టు ఉంది.

పెట్టె నిజంగా పనికొచ్చింది వీణకి అంటించే కాంటాక్ట్ మైకు విషయంలో. నా వీణ బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగని తొలిచి చేసింది. కుండ మీద, గుర్రానికి (తీగలు ఆనే వంతెనకి) కాస్త పక్కన, రూపాయి బిళ్లంత మైకు అంటిస్తాం. గాలిలో శబ్దంతో దానికి పని లేదు, కర్ర అదురుని పట్టుకుంటుంది. అందుకే ఫ్యాను వేసుకుని పాఠం చెప్పొచ్చు. విజయనగరంలో మే నెలలో అది చిన్న సుఖం కాదు. ఇదే బిళ్లని మొదట్లో నేరుగా ల్యాప్‌టాప్ మైకు రంధ్రంలో పెట్టి చూశాను. అనుమంద్రం, అంటే అన్నిటికన్నా కింది స్థాయి తీగ, మీటితే రేకు డబ్బా మోగినట్టు ఉండేది. ఆ బిళ్ల ఇచ్చే సిగ్నల్‌కి మైకు రంధ్రం మోయలేనంత భారం, దానికి కలిపితే కింది స్థాయి అంతా హరించుకుపోతుంది. పెట్టె మీద ‘ఇన్‌స్ట్రుమెంట్’ అని ఒక బటన్ ఉంటుంది. అది నొక్కిన రోజు అనుమంద్రం కడుపులోంచి పలికింది. కొనేవాళ్లు వేరే ఏది చూడకపోయినా ఆ బటన్ ఉందో లేదో చూసుకోండి.

ఇక నన్ను ఏడిపించిన సంగతి. 2023 ఏప్రిల్‌లో, క్లాసు మధ్యలో ఆ డాలస్ పిల్లే అడిగింది: ‘టీచర్, తంబుర పెట్టారా? శ్రుతి కలవడం లేదు.’ నేను ఏ తంబురా పెట్టలేదు. వీణ ఒళ్లోనే ఉంటుంది కాబట్టి దాన్ని నేరుగా వింటాను, క్లాసులో ఒక చెవికే ఇయర్‌ఫోను, అందులో వాళ్ల వైపు శబ్దమే వస్తుంది. పెట్టెకి ఇయర్‌ఫోన్లు తగిలించి రెండు చెవులా వింటే కింద ఎక్కడో సన్నగా ‘మ్‌మ్’ అని హమ్ వస్తోంది. ఒకప్పుడు శ్రద్ధగా వినమని నేను కోప్పడిన పిల్ల నాకన్నా ముందు దాన్ని పట్టుకుంది.

హమ్ అంటే కరెంటు మోత. దానికీ ఒక శ్రుతి ఉంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. హార్మోనియం మెట్ల లెక్కలో అది ఐదు శ్రుతికీ ఐదున్నరకీ మధ్య, ఐదుకి దగ్గరగా పడుతుంది. దాని రెట్టింపు 100 కూడా పై స్థాయిలో అదే చోట. నా వీణ మూడు శ్రుతి. మూడుని షడ్జం చేసుకుంటే ఐదు సాధారణ గాంధారం, ఆభోగిలో ఉండేది అదే. అంటే ఆ హమ్ సరిగ్గా ఆభోగి గాంధారానికి కాస్త పైన కూర్చుని మోగుతోంది, అర స్వరంలో మూడో వంతు తేడాతో. ఆ పిల్ల ఆరు నెలలు కష్టపడి పట్టుకున్న స్వరం పక్కనే అపశ్రుతి.

తప్పు వాళ్ల ఇంట్లోనా, మా ఇంట్లోనా అని తేల్చడానికీ ఆ శ్రుతే పనికొచ్చింది. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్. అక్కడి మోత అయితే నా పంచమానికి కింద ఎక్కడో పడాలి. గాంధారం దగ్గర పడిందంటే అది మా ఇంటిదే. మేనల్లుడు ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకేశాడు. టక్కున ఆగిపోయింది. పెడితే మళ్లీ వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది, కొన్నాళ్లుగా ల్యాప్‌టాప్ లోహపు అంచు మీద మణికట్టు ఆనిస్తే జివ్వుమంటోంది. నరాల తిమ్మిరి అనుకున్నాను.

ఎలక్ట్రీషియన్ వచ్చి, ‘ప్లగ్గుకి ఆ మూడో పిన్ను తీసేస్తే మోత పోతుందమ్మా’ అన్నాడు. వద్దన్నాను. మీకూ ఎవరైనా అలా చెప్తే ఒప్పుకోకండి. ఆ పిన్ను ఉన్నది షాకు నుంచి మనల్ని కాపాడటానికి. మరైతే ఎర్త్ ఉందో లేదో చూడమని అడిగితే టెస్ట్ ల్యాంపు తెచ్చి ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య పెట్టాడు. బల్బు మిణుకుమిణుకుమంటూ వెలిగింది, అంటే ఎర్త్ సరిగా లేదు. పెరట్లో జామచెట్టు కింద ఎర్త్ గుంత మూత తీశాం. మట్టి బీటలు వారి ఉంది. ఇల్లు కట్టినప్పుడు ఉప్పు, బొగ్గు వేసి పెట్టిన గుంత అది, ఎన్నేళ్లయిందో దానికి నీళ్లు పోసి. ఉప్పు వేసి, ఆరేడు బకెట్లు పోసి, మర్నాడు మళ్లీ పోశాం. బల్బు నిండుగా వెలిగింది. జివ్వుమనడం పోయింది. హమ్ దాదాపు పోయింది. పూర్తిగా పోలేదు, గుబ్బ బాగా పెంచితే ఇప్పటికీ కొంచెం ఉంటుంది. అందుకని క్లాసు ముందు బ్యాటరీ నింపుకుని, ఛార్జర్ తీసేసి కూర్చుంటాను. ఎండాకాలంలో వారానికో బకెట్ నీళ్లు గుంతలో పోస్తాను.

దీనికి పెట్టెని తప్పుపట్టలేను. కాకపోతే ల్యాప్‌టాప్ మైకుతో ఉన్నప్పుడు ఈ బాధ ఎప్పుడూ లేదు. వైరు వచ్చాకే హమ్‌కి దారి దొరికింది. ఇంటి ఎర్త్ సరిగా లేనివాళ్లకి ఇలాంటి పెట్టె కొన్న మొదటి రోజే ఈ మోత ఎదురు కావచ్చు.

చిన్నచిన్నవి ఇంకొన్ని. మొదట్లో నా గొంతు పిల్లలకి ఎడమ చెవిలో, వీణ కుడి చెవిలో వినపడేది. యాప్‌లో స్టీరియో తీసేస్తే సరిపోయింది. మూడో ఏడు వానాకాలంలో వీణ వైపు గుబ్బ తిప్పితే కరకరలాడటం మొదలైంది, కాంటాక్ట్ క్లీనర్ కొడితే తగ్గింది, మా వైపు తేమకి మళ్లీ వస్తుందేమో. మనం వాయించేది నేరుగా మన ఇయర్‌ఫోన్లకి పంపే డైరెక్ట్ మానిటర్ మీట గురించి అందరూ గొప్పగా చెప్తారు. వీణ ఒళ్లోనే ఉన్న నాకు నాలుగేళ్లలో పదిసార్లు కూడా అవసరం పడలేదు.

ఇది వస్తే విద్యార్థితో కలిసి వాయించొచ్చా అని ఇద్దరు ముగ్గురు టీచర్లు అడిగారు. కుదరదు. ఇక్కడి శబ్దం అమెరికా వెళ్లి, అక్కడిది తిరిగి రావడానికి సెకనులో అయిదో వంతుకి పైనే పడుతుంది. తాళం నిలవదు. ఏ పెట్టే దాన్ని మార్చలేదు. నేను వాయిస్తాను, వాళ్లు వింటారు. వాళ్లు వాయిస్తారు, నేను వింటాను.

ఇంకొకటి మనసులో ఉంది. కాంటాక్ట్ మైకు శబ్దం వీణ అసలు శబ్దం కాదు. కర్ర అదురు వస్తుంది గానీ కుండలోంచి గాలిలోకి వచ్చే గుండ్రదనం రాదు. తాళం తీగలు మరీ గట్టిగా పడతాయి. ఎదురుగా చాప మీద కూర్చుని నేర్చుకునే పిల్లకి వినపడేది, డాలస్ పిల్లకి ఇప్పటికీ పూర్తిగా వినపడదు. గాలిలో శబ్దాన్ని పట్టే మంచి కండెన్సర్ మైకు కూడా ఇదే పెట్టెకి పెట్టొచ్చు, దానికి కావలసిన 48 వోల్టులు పెట్టే ఇస్తుంది. పెట్టి చూశాను, చాలా బాగుంది. కానీ తలుపులు వేసి, ఫ్యాను ఆపి కూర్చోవాలి. చలికాలంలో మాత్రం అలా చేస్తాను.

కాబట్టి, దూరాన ఉన్న పిల్లలకి వీణో వయొలినో నేర్పేవాళ్లయితే కొనమనే చెప్తాను. పాట మాత్రమే నేర్పేవాళ్లు ముందు ఆ సెట్టింగు మార్చి చూడండి, అక్కడితోనే పని జరగొచ్చు. అవతల పిల్లలు ఫోన్ స్పీకర్లో వింటుంటే మాత్రం ఈ ఖర్చు మీ వైపు పెట్టకండి, వాళ్లకి ముందు మంచి ఇయర్‌ఫోన్లు కొనిపించండి. కొన్నా కొనకపోయినా ఒక్కసారి మీ పాఠాన్ని వాళ్ల వైపు నుంచి రికార్డు చేయించి తెప్పించుకోండి. నేను ఆ పని మొదటి నెలలోనే చేసి ఉండాల్సింది.