మెరిపించమంటే ఒప్పుకోని షెడ్డు

పాత కారును తళతళలాడించి పెళ్లి ఊరేగింపుకి పెట్టాలనుకునేవాళ్లకి ఈ రివ్యూ అక్కర్లేదు. విజయవాడ ఆటోనగర్‌లో ఆ పని చేసేవాళ్లు చాలామందే ఉన్నారు, ఇంతకంటే తక్కువలో చేసిపెడతారు. నేను చెప్పేది లారీ బాడీలు కట్టే వరసలో, పాత కార్లను అసలు రూపం పోకుండా బాగుచేసే, బోర్డు కూడా లేని ఒక షెడ్డు గురించి. పాత కార్ల పిచ్చి ఉన్న కొంతమంది కలిసి నడుపుతున్నారు. ఒకాయన రిటైరైన లేతు మేస్త్రి, ఇంకొకాయన పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పిన మాస్టారు. మిగతావాళ్లకి వేరే ఉద్యోగాలో వ్యాపారాలో ఉన్నాయి, సాయంత్రాలు వస్తారు. బోర్డు పెట్టుకోవచ్చు కదా అంటే, "ఉన్న బళ్లే తెమలట్లేదమ్మా" అన్నారు మేస్త్రి గారు.

మాది గుంటూరు, బ్రాడీపేట. ఉద్యోగమంతా బ్యాంకులో లోన్ల సెక్షన్‌లోనే గడిచింది కాబట్టి ఎవరు ఏ కాయితం ఇచ్చినా ముందు కూడిక సరిచూసే జబ్బు ఉంది నాకు. బండి నాన్నది. స్టాండర్డ్ హెరాల్డ్, రెండు తలుపులది, 1966 మోడల్. మద్రాసు రిజిస్ట్రేషన్. నాన్న దాన్ని అక్కడే సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. ఆయన పోయాక పత్తి గోడౌన్‌లో ఒక మూలన పడి ఉంది. మధ్యలో ఒకసారి మా తమ్ముడు వేరేచోట టింకరింగ్ చేయించాడు. ఆ షాపు పేరు చెప్పను గానీ, తుప్పు కోసి కొత్త రేకు వేయాల్సిన చోట వేలి మందాన లప్పం పెట్టి పైన ఎర్ర రంగు కొట్టి పంపారు. రెండు వానాకాలాలకే పెచ్చులూడింది.

ఈ షెడ్డులో నాకు మొదట నచ్చింది వాళ్లు బండి చూసిన పద్ధతి. హెరాల్డ్‌కి బానెట్టు, ముందు రెండు మడ్‌గార్డులు కలిపి ఒకటే ముక్క. మొత్తం ముందుకి తెరుచుకుంటుంది, చక్రాలతో సహా అంతా కళ్లముందే ఉంటుంది. ఇంగ్లండులో 1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్ ఇది. గీసినాయన ఇటలీ డిజైనర్ జొవాన్ని మికెలోట్టి. మన దగ్గర మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు తయారు చేశారు. అప్పటికే చాలా కంపెనీలు ఛాసిస్ (కింద ఉండే ఇనుప చట్రం), బాడీ కలిపి ఒకే డబ్బాగా చేస్తుంటే, దీనికి మాత్రం లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఉంటుంది, బాడీ ముక్కలు బోల్టులతో బిగిస్తారు. అందుకే ఆటోనగర్ మేస్త్రులకి ఈ బండి వెంటనే అర్థమవుతుందని మాస్టారు అంటారు. చిక్కల్లా పానాలతోనే. బోల్టులన్నీ అంగుళాల సైజు, మిల్లీమీటర్ పానా వేస్తే మూలలు అరిగిపోతాయి. మా తమ్ముడు చేయించిన చోట అలా అరగదీసినవి ఒక డబ్బా నిండా తీసి నాకు చూపించారు.

ఇంజన్ విప్పిన రోజు ఫోన్ చేసి రమ్మన్నారు. 948 సీసీ చిన్న ఇంజన్ అది. హెడ్‌ని, అంటే సిలిండర్ల మీద మూతలా ఉండే దిమ్మని, వెర్నియర్‌తో కొలిస్తే ఉండాల్సినదానికన్నా బాగా పల్చగా ఉంది. అంటే ఎవరో కావాలని దాని అడుగును ఎక్కువ అరగదీయించారు, ఫేసింగ్ అంటారు దాన్ని. అలా చేస్తే సిలిండర్ పైన జాగా తగ్గి కంప్రెషన్ పెరుగుతుంది, బండికి జోరు వస్తుంది. వెనకాల అడ్డంగా ఉండే కమాను కట్టలోనూ ఒక పట్టీ తీసేసి ఉంది. హెరాల్డ్ వెనక చక్రాలకి ఒక పాత జబ్బు ఉంది. వేగంగా మలుపు తిప్పి, సగంలో యాక్సిలరేటర్ వదిలేస్తే వెనకభాగం పైకి లేచి, బయటివైపు చక్రం లోపలికి మడతపడ్డట్టు అవుతుంది. అలా కాకుండా పందేలకి వాడేవాళ్లు పట్టీ తీసి, కమాను వంపు తగ్గించి బండిని కిందికి దించేవారట. ఇక డ్రైవర్ సీటు కింద ఫ్లోర్‌లో రెండు కన్నాలు, వాటికి అడుగున వెల్డింగ్ చేసిన మందపాటి వాషర్లు కనిపించాయి. సీటు బెల్టు కోసం వేసినవి. 1966లో మన దేశంలో మామూలు బండికి బెల్టు ఎవడు పెట్టించుకున్నాడు?

మా తమ్ముడు అక్కడే గంతులేశాడు. షోలవరంలో రేసు కొట్టిన బండి అని బోర్డు రాయిద్దాం అన్నాడు. షోలవరం తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. మన విజయవాడ మీదుగా పోయే కలకత్తా హైవే మద్రాసులో దిగే ముందు వస్తుంది ఆ ఊరు. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే ఒకటి అక్కడ మిగిలిపోయింది. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దాని మీద కార్ల పందేలు పెట్టేది. ఇంగ్లండులో సిల్వర్‌స్టోన్ కూడా అలాంటి యుద్ధకాలపు ఎయిర్‌ఫీల్డే, 1950లో ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదటి రేసు జరిగింది దాని మీదే. తర్వాత శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ కట్టుకునేదాకా మద్రాసు రేసులంటే షోలవరమే. హెరాల్డులు, ఫియట్లు అక్కడ బాగా తిరిగాయి.

మాస్టారు ఒప్పుకోలేదు. "బాబూ, ఈ బండిని ఎవరో పందెం కోసం తయారు చేశారు, అంతవరకే మనకి తెలిసింది. పందెంలో దిగిందో లేదో ఈ ఇనుము చెప్పదు" అన్నారు. వాళ్ల దగ్గర సేకరించిన పాత ప్రోగ్రాం పుస్తకాలు, పేపరు కటింగులు ఉన్నాయి, అవన్నీ తిరగేశారు. మా నంబరుతో ఏదీ దొరకలేదు. ప్రతి బండికీ వాళ్లు ఒక ఫైలు కడతారు, విప్పిన ప్రతి భాగానికీ ఫొటో, కొలత, తేదీ రాస్తారు. మా ఫైలులో చివరికి రాసిన వాక్యం ఇది: "హెడ్, కమాను, సీటు బెల్టు మార్పులు పాతవి. ఎవరు, ఎక్కడ నడిపారో ఆధారం లేదు." మా తమ్ముడికి ఇప్పటికీ కోపమే. నా ఉద్యోగంలో ఆస్తి కాయితాలకి రంగులు పూసి తెచ్చేవాళ్లను ఎంతమందిని చూశానో! ఆ ఒక్క వాక్యానికే వీళ్లకి నా ఓటు.

షెడ్డు పైన రేకుల గది ఉంది. ఆదివారాలు ఎవరైనా వెళ్లొచ్చు, టీ ఇస్తారు, మాస్టారు కథలు చెబుతారు. గోడ మీద పాత పందేల బొమ్మలు. 1894లో ప్యారిస్ నుంచి రూఎన్‌కి జరిగిన పోటీలో ముందు చేరింది డి డియోన్ ఆవిరి బండి. దానికి బొగ్గు వేయడానికి ఇంకో మనిషి కావాలి కాబట్టి మొదటి బహుమతి ఇవ్వలేదు, పెజో, పనార్ కంపెనీలకి పంచారు. మరుసటి ఏడు ప్యారిస్ నుంచి బోర్డో వెళ్లి తిరిగి రావాలి, దాదాపు 1,180 కిలోమీటర్లు. ఎమిల్ లెవాసోర్ 48 గంటల 48 నిమిషాల్లో వచ్చేశాడు, అందరికంటే గంటల ముందు. ఆయన బండికి రెండే సీట్లు, రూల్లో నాలుగు సీట్లని ఉంది. ప్రైజు వెనక వచ్చిన పెజోకి వెళ్లింది. అదే పోటీలో మిషలిన్ సోదరులు గాలి టైర్లు వేసి, దారి పొడవునా పంక్చర్లు వేసుకుంటూ బండి నడిపారట. ముందు వచ్చినవాడు ఎవడు, గెలిచినవాడు ఎవడు అనేది మొదటి రోజు నుంచీ కాయితం మీదే తేలిందని మాస్టారు నవ్వుతూ అంటారు. పిల్లల్ని తీసుకెళ్తే బాగుంటుంది, ఎండాకాలం మధ్యాహ్నాలు మాత్రం వద్దు. రేకుల కింద కూర్చోలేం.

పని విషయానికొస్తే, లప్పం అంతా గీకి, తుప్పు కోసి, అదే గేజి రేకు అతికారు. తుప్పు పట్టని చోట నాన్న నాటి లేత నీలం రంగు బయటపడితే దాన్ని అలాగే ఉంచి, చుట్టూ కలిసేలా కొట్టారు. దగ్గర్నుంచి చూస్తే తేడా తెలుస్తుంది, తెలియాలనే వాళ్ల ఉద్దేశం. మనకి 2000లో సీసం పెట్రోల్ పోయింది కదా, పాత హెడ్‌లలో వాల్వు సీట్లు, అంటే వాల్వులు మూసుకున్నప్పుడు ఆనే అంచులు, సీసం లేని పెట్రోల్‌కి అరిగిపోతాయి. ఎగ్జాస్ట్ వైపు గట్టి సీట్లు కొట్టించారు. ఇథనాల్ కలిసిన పెట్రోల్ పాత రబ్బరును తినేస్తుందని పెట్రోల్ ట్యూబులు, ఇంజన్‌కి పెట్రోల్ తోడే పంపులోని రబ్బరు పొర (డయాఫ్రం) అన్నీ మార్చారు. అసలు టైర్ల సైజు 5.20-13 దొరక్క, పాత వ్యాగన్ ఆర్‌కి వాడిన 145/80 ఆర్13 రేడియల్స్ వేశారు, పాత రిమ్ముల మీదే. ఫైలులో అదీ రాశారు.

వింటేజ్ రిజిస్ట్రేషన్ సంగతి కూడా విడమరిచి చెప్పారు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండికి ఇస్తారు. ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000, అప్పటికే నంబరు ఉన్నవాటికి పాత నంబరే ఉంచుకోవచ్చు. రోజూ రోడ్డు మీద తిప్పడానికి లేదు, ర్యాలీలు, ప్రదర్శనలు, పెట్రోల్, రిపేరు లాంటివాటికే. మెరుపుల కోసం కొత్త ఇంజన్లు, పవర్ స్టీరింగులు పెట్టించేవాళ్లు ఈ రూలు ముందు చదువుకుంటే మంచిది.

ఇక తిట్లు. చెప్పిన టైముకి ఒక్కటీ అవలేదు. దసరాకి అన్నది ఉగాది దాటింది. ఫోన్ తీయరు, తీస్తే "లేతు దగ్గరుంది" అంటారు. ఆడవాళ్లు అంతసేపు ఉండాల్సి వస్తే బాత్రూమ్ లేదు, నేను ప్రతిసారీ పటమట దాకా పోయాను. మొత్తం ఖర్చు 3 లక్షల 80 వేలయ్యింది. ఏ పనికి ఎంతో విడివిడిగా రాసిచ్చారు, కూడికలో తప్పు లేదు. అందులో మా తమ్ముడి లప్పం పీకడానికే 40 వేలు పోయాయి. అడ్వాన్సు సగం అడుగుతారు, బేరం ఆడొద్దు.

వెళ్లేవాళ్లు శనివారం సాయంత్రం ఆరు తర్వాత వెళ్లండి, అప్పుడే అందరూ ఉంటారు. ఆర్‌సీ జిరాక్సు, దొరికితే పాత ఇన్సూరెన్సు కాయితాలు, ఆ బండితో దిగిన ఫొటోలు ఏవున్నా పట్టుకెళ్లండి, ముందు అవే అడుగుతారు. మా బండికి ఎడమ తలుపు గాజు దించే హ్యాండిల్ ఇంకా రావాలి. కోయంబత్తూరులో ఎవరి దగ్గరో ఉందంటున్నారు, సంక్రాంతి లోపు తెప్పిస్తామన్నారు. ఏ సంక్రాంతో చెప్పలేదు.