ఏ కీమో: బీఈపీనా, వీఐపీనా?

పర్లాకిమిడిలో మా మేనత్త కొడుక్కి రెండు నెలలు దగ్గు తగ్గలేదు. ఎక్స్‌రేలో ఛాతీ మధ్య నీడ చూసి ఒకచోట టీబీ అన్నారు, మందులు కూడా మొదలెట్టారు. వంగి చెప్పులు వేసుకుంటుంటే వాడి మెడ నరాలు తాళ్లలా ఉబ్బుతున్నాయని కనిపెట్టింది మాత్రం అత్తే.

వైజాగ్‌లో సీటీ తీస్తే గుండెకి ముందు గడ్డ. రక్తంలో ఏఎఫ్‌పీ (కొన్ని క్యాన్సర్లలో పెరిగే ప్రోటీన్) బాగా పెరిగి ఉంది. వయసు కుర్రాళ్లకి అక్కడ గడ్డ కనిపిస్తే, అది మామూలుగా వృషణాల్లో వచ్చే జెర్మ్‌సెల్ క్యాన్సరేమోనని ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ అనే రక్తపరీక్షలు మూడూ చూడాల్సిందే. ఏఎఫ్‌పీ అంత పెరిగితే, బయాప్సీ ముక్కలో సెమినోమా (ఆ క్యాన్సర్‌లో ఒక రకం, కాస్త తేలిగ్గా లొంగేది) అని వచ్చినా దాన్ని రెండో రకం, నాన్‌సెమినోమాగానే చూస్తారు. వృషణాల స్కాన్‌లో ఏమీ లేదు.

"గడ్డే కదా, కోసి తీసేయమనండి" అన్నాడు మామయ్య. దానికి వరస ఉంది: ముందు కీమో, మిగిలినదానికి తర్వాత ఆపరేషన్. పేచీ అంతా ఏ కీమో, బీఈపీనా వీఐపీనా అన్న దగ్గరే.

రెండింటిలోనూ ఎటోపోసైడ్, సిస్‌ప్లాటిన్ ఉంటాయి. వరసగా 5 రోజులు, 21 రోజులకో సైకిల్, మొత్తం 4. తేడా మూడో మందులో: బీఈపీలో బ్లియోమైసిన్, వీఐపీలో ఐఫాస్ఫమైడ్. వీఐపీ అన్న పేరు విని అత్త "డబ్బున్నోళ్ల మందా నాయనా?" అంది.

బ్లియోమైసిన్ వారానికోసారి ఎక్కించాలి. అంటే ఐదు రోజులూ అయి ఇంటికొచ్చినా, మళ్లీ పాతపట్నం మీదుగా బస్సులు మారుతూ వైజాగ్ పోవాలి. వీఐపీకి ఆ తిరుగుడు లేదు. కానీ రక్తకణాలు మరీ పడిపోతాయి, వాటిని పెంచే సూదులు వేరే. అర్ధరాత్రి జ్వరం 100.4 దాటిందా, డోలో వేసి తెల్లారేదాకా చూడకూడదు, బండి కట్టించుకుని బయల్దేరాల్సిందే. మూత్రసంచి దెబ్బతినకుండా మెస్నా ఇస్తారు, అయినా మూత్రం ఎర్రగా వస్తోందేమో చూసుకుంటూ ఉండాలి. కిడ్నీలు అంతంతమాత్రంగా ఉన్నవాళ్లకి ఐఫాస్ఫమైడ్‌తో ఇబ్బందే.

అయినా మావాడికి వీఐపీయే మేలనిపించింది, డాక్టరమ్మ కూడా అదే అంది. బస్సుల సంగతి చూసి కాదు. జబ్బుని లొంగదీయడంలో రెండూ ఇంచుమించు సమానమే, కానీ బ్లియోమైసిన్ ఊపిరితిత్తుల్ని దెబ్బతీయగలదు. రేపు ఆపరేషన్‌కి తెరవాల్సింది ఆ ఛాతీనే. ఆపరేషన్ అవసరం పడదనుకునే సెమినోమా అయితే నేనింత పట్టుబట్టేవాణ్ణి కాను.

పెళ్లి కాని కుర్రాడు. మొదటి సెలైన్ పెట్టకముందే వీర్యం దాచిపెట్టుకోమని డాక్టరమ్మ చెబుతుంటే వాడు నావైపు చూశాడు. నేను అత్తని టీకి కిందికి తీసుకెళ్లాను.