శాఖా గ్రంథాలయంలో మా పేట కళాకారుల తరగతులు: ఒక పాఠకురాలి సమీక్ష

విజయవాడలో మేముండే పేటలోని శాఖా గ్రంథాలయానికి నేను పదేళ్ళకు పైగా వెళుతున్నాను. కేవలం పుస్తకాల గురించే అయితే ఇంత వివరంగా రాయవలసిన పని లేదు. నవలలు, కథా సంపుటాలు, పోటీ పరీక్షల గైడ్లు, దినపత్రికలు, వారపత్రికలు ఏ శాఖలో అయినా ఉన్నట్టే ఇక్కడా ఉన్నాయి. ఈ గ్రంథాలయానికి ప్రత్యేకత తెచ్చినవారు చుట్టుపక్కల వీధుల్లో నివసించే కళాకారులు. వేసవి శిబిరంలో వారు పిల్లలకు నేర్పే విద్యలు, వేలకు వేలు ఫీజు కట్టి చేర్పించే సమ్మర్ క్లాసులలో నేర్పే వాటికంటే మేలైనవని నా అభిప్రాయం. ఆ విద్యలు ఏడాదిలో ఎక్కువ భాగం అక్కడ దొరకకపోవడమే ఈ గ్రంథాలయానికి ఉన్న పెద్ద లోపం. ఇక్కడ ప్రస్తావించే ఇబ్బందులు చాలా శాఖల్లో ఉన్నవే కనుక శాఖ పేరు రాయడం లేదు.

గ్రంథాలయం ఉదయం మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు తెరిచి ఉంటుంది. శుక్రవారం సెలవు. ఉద్యోగం చేసేవారికి ఆదివారం తెరిచి ఉండడం వరమే గాని, కొత్తగా వచ్చేవారు శుక్రవారం నాడు వెళ్ళి తాళం చూసి తిరిగి రావడం మామూలే. ముందు గదిలో పత్రికల బల్లలు, లోపల బీరువాలు, వెనుక పోటీ పరీక్షలకు చదువుకునేవారు కూర్చునే పెద్ద గది, పక్కన రేకుల వరండా ఉన్నాయి. కళలకు సంబంధించిన తరగతులన్నీ ఆ వరండాలోనే జరుగుతాయి.

వేసవి శిబిరం బడులకు సెలవులు ఇచ్చాక మొదలై, జూన్‌లో బడులు తెరిచే ముందు ముగుస్తుంది. ఎండ ముదరకముందే పిల్లలను ఇంటికి పంపాలి కనుక తరగతులు ఉదయం పూటనే పెడతారు. మొదటి గంట పుస్తక పఠనానికీ, చదివిన కథను నిలబడి సొంత మాటల్లో చెప్పడానికీ కేటాయిస్తారు. ఆ తరువాత స్పోకెన్ ఇంగ్లీష్, చదరంగం, కాగితంతో బొమ్మలు చేయడం వంటివి ఉంటాయి. స్పోకెన్ ఇంగ్లీష్ గురించి గొప్పగా చెప్పుకోవలసింది ఏమీ లేదు. నేర్పడానికి ఎవరు దొరికితే వారిని బట్టి దాని స్థాయి మారిపోతూ ఉంటుంది. మిగిలిన సమయం కళాకారులది.

చిత్రలేఖనం నేర్పేది మునిసిపల్ హైస్కూలులో పనిచేసి విరమించిన డ్రాయింగ్ మాస్టారు. ఆయన పిల్లలకు మొదటి వారమంతా రంగు ముట్టుకోనివ్వరు. చేతిలో పెన్సిలు, ఎదురుగా బల్ల మీద ఒక చెంబో, బుట్టో, రెండు అరటిపళ్ళో పెట్టి, కనిపించింది కనిపించినట్టు గీయమంటారు. అచ్చు పుస్తకాలలోని కొండలు, కొండల మధ్య సూర్యుడు, పక్కనే గుడిసె, కొబ్బరిచెట్టు గీసుకొచ్చిన పిల్లవాడిని ఆయన తిట్టరు గాని, ఆ కొబ్బరిచెట్టు ఏ వీధిలో ఉందో చూపించమని అడుగుతారు. తల్లిదండ్రుల్లో కొందరికి ఈ పద్ధతి రుచించదు. పది రోజుల్లో గోడకు తగిలించుకునే బొమ్మ చేతికి రావాలని వారి కోరిక. మా అమ్మాయి మూడు వేసవులు ఆయన దగ్గర నేర్చుకుని, ప్రభుత్వం నిర్వహించే డ్రాయింగ్ లోయర్ పరీక్షకు కట్టి ఉత్తీర్ణురాలయింది. లోయర్ తరువాత హయ్యర్ పరీక్ష ఉంటుందనీ, డ్రాయింగ్ ఉపాధ్యాయులు కావాలనుకునేవారికి ఆ సర్టిఫికెట్లు అవసరమనీ ఆ వరండాలో కూర్చున్నప్పుడే మాకు తెలిసింది.

నాకు అన్నిటికంటే నచ్చిన తరగతి అక్షరాలు రాయడం. దానిని నేర్పే పెయింటరు గారు ఒకప్పుడు గాంధీనగరం సినిమా పంపిణీ కార్యాలయాల కోసం బ్యానర్లు వేసినవారు. ఆ తరువాత దుకాణాల బోర్డులు, లారీల వెనుక రాతలు, ఎన్నికల గోడరాతలతో జీవనం సాగించారు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని దాదాపు పోయింది. ఆయన ముందుగా నూలుదారానికి సుద్దపొడి పట్టించి, రెండు చివరలా ఇద్దరు పిల్లలచేత బిగించి పట్టించి, మధ్యలో లాగి వదిలి గోడ మీద తిన్నని గీత పడేట్టు చేస్తారు. అటువంటి గీతలు ఒకదాని కింద ఒకటి కొట్టించి, తెలుగు అక్షరానికి రెండు గీతలు సరిపోవని, పైన గుడికీ, కింద వత్తుకూ వేరుగా చోటు వదలాలని చూపిస్తారు. ‘స్త్రీ’ అనే అక్షరాన్ని ఇరుకైన బోర్డులో కుదించి రాయగలిగినవాడికి మిగిలిన అక్షరాలన్నీ లొంగుతాయని ఆయన నమ్మకం. చదునైన కుంచెను ఎంత వాలుగా పట్టుకుంటే అక్షరంలో లావు, సన్నం ఎక్కడ వస్తాయో, గుండ్రటి ‘ఠ’ను ఒకే ఊపులో కాక రెండు ముక్కలుగా ఎందుకు తిప్పాలో ఆయన చెబుతున్నప్పుడు పక్కనే కూర్చున్న నేను కూడా పిల్లలతో పాటు సాధన చేశాను. చిన్న ఫొటో మీద గళ్ళు గీసి, అదే లెక్కన గోడ మీద పెద్ద గళ్ళు కొట్టి, ఒక్కొక్క గడిలోని గీతనే చూసి దించుకుంటూ పోయే పాత బ్యానర్ల పద్ధతిని ఏడో తరగతి పిల్లలు నిష్పత్తుల లెక్కగా అర్థం చేసుకోవడం నేను కళ్ళారా చూశాను. బీరువాల మీద విభాగాల పేర్లు ఇప్పుడు ఆ పిల్లలు రాసినవే. వాటిలో ‘జానపద విజ్ఞానం’ అన్న పలకలో జ్ఞ కొంచెం పక్కకు ఒరిగింది గాని, కంప్యూటరులో తీసి అతికించిన పాత కాగితాల కంటే చూడడానికి ఎంతో బాగుంది.

కొండపల్లి మా ఊరికి దగ్గర కనుక అక్కడి బొమ్మల కళాకారులు ఒకరు కొన్ని వేసవుల్లో వచ్చి ప్రదర్శన ఇచ్చారు. ఆయన తెల్ల పొణికి కర్ర ముక్కలను పిల్లల చేతికి ఇచ్చి అది ఎంత తేలికో చూపించారు. కర్రలోని చెమ్మ పోయేవరకు ఆరబెట్టి, సన్నని సెగ మీద కాచిన తరువాతే ఉలి పెడతారని, మొండెం, చేతులు, తల విడివిడిగా చెక్కి చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకుతారని, ఆకురాయితో నునుపు చేసి సున్నం పూత వేశాకే రంగుకు దిగుతారని పని చేసి చూపిస్తూ వివరించారు. ఇంట్లో ప్రతి సంక్రాంతికీ కొలువులో పెట్టే తాటిచెట్టు గీతకార్మికుడి బొమ్మ, అంబారీ ఏనుగు ఇన్ని చేతులు దాటి వస్తాయని నాకూ తెలియదు. పిల్లలకు ఉలి ఇవ్వలేదు, ఇవ్వకపోవడమే మంచిది. సున్నం పూసిన చిన్న బొమ్మలకు రంగులు వేయించారు. బొమ్మకు ఇంత అని పిల్లల దగ్గర తీసుకోవలసి వచ్చింది. అది ఆయన సరుకు ఖర్చే అయినా, ఉచిత శిబిరమని నమ్మి వచ్చిన కొన్ని కుటుంబాలు ఆ రోజు పిల్లలను పంపలేదు. ఈ ఖర్చును గ్రంథాలయమే భరించి ఉండవలసింది.

బుర్రకథ తరగతి గురించి మొదట నాకు పెద్దగా ఆశ లేదు. కథకుడికి తంబుర, అటూ ఇటూ నిలబడి వంత పాడే ఇద్దరు వంతలకు డక్కీలనే చిన్న చర్మవాద్యాలు కావాలి. అందులో ఒకరు హాస్యం చెప్పాలి, మరొకరు నాటి రాజకీయాలను ప్రస్తావించాలి. పది పన్నెండేళ్ళ పిల్లలకు ఇదంతా ఎలా పట్టుబడుతుందని అనుకున్నాను. నేర్పడానికి వచ్చిన పెద్దాయన గుంటూరు జిల్లాలోని బృందాలతో ఎన్నో ఏళ్ళు తిరిగినవారు. బుర్రకథకు 1986లో పద్మశ్రీ గౌరవం తెచ్చిన షేక్ నాజర్ గారిది ఆ జిల్లాలోని పొన్నెకల్లే కనుక, ఆ పేరు చెప్పకుండా ఆయన తరగతి మొదలయ్యేది కాదు. కథను కాగితం మీద రాసివ్వమంటే ఆయన ఒప్పుకోలేదు. బొబ్బిలి యుద్ధం గురించి బీరువాలో ఏముందో మీరే వెతికి చదువుకుని రండి, తరువాత తాళంలో ఎలా పెట్టాలో నేను చెబుతానన్నారు. ఆ వారం గ్రంథాలయంలో ఎవరూ తెరవని చరిత్ర పుస్తకాలు బల్లల మీదికి వచ్చాయి. ఈ కళాతరగతులు గ్రంథాలయంలోనే ఎందుకు జరగాలి, ఏ కల్యాణ మండపంలోనో ఎందుకు జరగకూడదు అని అడిగేవారికి నేను చెప్పే సమాధానం ఇదే. కళాకారుడు పిల్లవాడిని పుస్తకం దగ్గరకు పంపితే, ఆ పుస్తకం నాలుగడుగుల దూరంలో ఉంటుంది. పుస్తకాలను విషయాల వారీగా అంకెలు వేసి అమర్చే డ్యూయీ పద్ధతిలో 398 దగ్గర జానపదం, 741 దగ్గర రేఖాచిత్రం, 745 దగ్గర హస్తకళలు ఉంటాయని మా అబ్బాయికి ఏ పాఠం ద్వారానూ తెలియలేదు. డక్కీ పట్టుకుని వెళ్ళి వెతుక్కోవడం ద్వారా తెలిసింది.

పెద్దలకు అవకాశాలు తక్కువ. ఒక ఏడాది ఆడవారికి అద్దకం, కుట్టుపని తరగతులు పెట్టారు, బాగానే జరిగాయి, మరుసటి ఏడాది పెట్టలేదు. కంప్యూటరు ఉంది, దాని ముందు కూర్చోవాలంటే విద్యుత్తూ, నెట్టూ, సిబ్బందీ ముగ్గురూ ఒకేసారి అనుకూలించాలి.

ఇక ఇబ్బందుల్లో మొదటిది శబ్దం. వెనుక గదిలో డీఎస్సీకీ, గ్రూప్స్‌కీ, ఎస్ఐ ఉద్యోగాలకూ చదువుకునే యువకులు, యువతులు ఉదయం తలుపు తీసేసరికే వచ్చి కూర్చుంటారు. వారిలో చాలామందికి ఇంట్లో చదువుకునే చోటు ఉండదు. వరండాలో డక్కీలు మోగుతుంటే వారు ఫిర్యాదు చేయడం న్యాయమే. ఒక వేసవిలో ఈ గొడవ పెరిగి బుర్రకథ తరగతిని మధ్యలో ఆపేశారు. గ్రంథాలయాధికారిణి గారు తరువాతి ఏడాది శబ్దం చేసే తరగతులను ఎదురుగా ఉన్న మునిసిపల్ పాఠశాల ఆవరణకు మార్పించి, చిత్రలేఖనం, అక్షరాలు మాత్రం వరండాలో ఉంచారు. ఒక్క సహాయకుడితో పుస్తకాల ఇచ్చిపుచ్చుకోవడం, పత్రికలు, శిబిరం, నెలవారీ నివేదికలు అన్నీ చూసుకునే ఆవిడ ఆ మాత్రం ఏర్పాటు చేయడం గొప్పే.

రెండవది డబ్బు. కళాకారులకు పారితోషికం అన్నది ఏనాడూ ముందుగా ఖరారు కాదు. ముగింపు సభలో శాలువా, జ్ఞాపిక, దండ తప్పకుండా ఉంటాయి; రాకపోకల ఖర్చు ఉంటుందో లేదో చివరి రోజు వరకు తెలియదు. ఇంటిపన్నులో ప్రతి రూపాయికీ 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కలిపి కడుతున్న మనకు ఇది వింతగా తోస్తుంది. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం వసూలయ్యే ఈ సెస్సు స్థానిక సంస్థల నుంచి గ్రంథాలయాలకు సకాలంలో చేరడం లేదన్నది ఎన్నో ఏళ్ళుగా పత్రికల్లో వస్తున్న సంగతే. శాలువాలకు అయ్యే ఖర్చును పెయింటరు గారికి రంగుల డబ్బాలుగా ఇచ్చినా సగం సమస్య తీరుతుందని నేను సలహాల పుస్తకంలో రాశాను. ఆ పేజీ మీద సంతకం పడింది, మరేమీ జరగలేదు.

1914 ఏప్రిల్ 10న ఇదే ఊళ్ళో, రామమోహన గ్రంథాలయంలో, చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల సభ జరిగింది. ఆ సభకు పూనుకున్న అయ్యంకి వెంకట రమణయ్య గారి తరం గ్రంథాలయాన్ని పుస్తకాల గిడ్డంగిగా కాక జనం కూడి నేర్చుకునే చోటుగా చూసింది. 1935లో పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు నింపి కాలువ గట్టు ఊళ్ళకు పంపింది కూడా ఆ దృష్టితోనే. అటువంటి ఊళ్ళో ఉన్న శాఖలో ఏడాది పొడుగునా వారానికి ఒక్క ఆదివారం ఉదయమైనా కళాకారుల తరగతి నడపలేకపోవడం విచారకరం. స్థలం ఉంది, నేర్పేవారు రెండు వీధుల అవతల ఉన్నారు, నేర్చుకునేవారు అడుగుతున్నారు.

నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు వేసవి శిబిరం అంత ఉపయోగకరంగా ఉండవు. వ్యాసరచన, వక్తృత్వం, చిత్రలేఖనం, రంగవల్లి పోటీలు పెడతారు. పోటీలో నేర్పడం ఉండదు కదా. ముగింపు రోజున వేదిక మీద కూర్చున్న పెద్దలందరూ పుస్తకం గొప్పదనం గురించి మాట్లాడేసరికి పిల్లల బుర్రకథకు అరగంట అనుకున్నది పది నిమిషాలైపోయిన సందర్భం ఒకటి నాకు బాగా గుర్తుంది. ఆ పది నిమిషాల్లోనే హాస్య వంత వేసిన పిల్లవాడు ప్రసంగాల నిడివి మీద ఒక చురక వేశాడు, వేదిక మీదివారే ముందుగా నవ్వారు.

చేర్పించాలనుకునేవారికి కొన్ని వివరాలు. శిబిరానికి రుసుము లేదు, గ్రంథాలయ సభ్యత్వం కూడా తప్పనిసరి కాదు. పుస్తకాలు ఇంటికి తెచ్చుకోవాలంటే మాత్రం చిరునామా రుజువు ఇచ్చి, తిరిగి వచ్చే డిపాజిట్టు కట్టి సభ్యులుగా చేరాలి. శిబిరం ప్రకటన నోటీసు బోర్డు మీద తప్ప మరెక్కడా కనిపించదు కనుక ఏప్రిల్ మధ్యలోనే వెళ్ళి పేరు రాయించుకోవడం మంచిది. చిత్రలేఖనానికి ఎనిమిదేళ్ళు, అక్షరాల తరగతికి పదేళ్ళు నిండిన పిల్లలైతే బాగా అందుకుంటారు; అంతకంటే చిన్నవారిని కథల గంటకు పంపితే చాలు. రంగు పని ఉన్న రోజు పాత బట్టలు వేసి, మంచినీళ్ళ సీసా ఇచ్చి పంపండి, అక్కడి కుళాయి నీళ్ళు తాగడానికి పనికిరావు. మీ వీధిలో హార్మోనియమో, తోలుబొమ్మలో, చెక్కభజనో తెలిసినవారు ఉంటే వారిని వెంటబెట్టుకుని మార్చి నెలలోనే గ్రంథాలయాధికారిని కలవండి. శిబిరం పట్టిక అప్పుడే తయారవుతుంది, ఆ తరువాత వెళ్ళినవారికి వచ్చే ఏడాది చూద్దామన్న జవాబే వస్తుంది.