ల్యాప్‌టాప్‌లో వైఫై కార్డు మార్చాక: ఏఎక్స్210తో రెండేళ్ల అనుభవం

నాది ఏఎండీ కంపెనీ రైజెన్ ప్రాసెసర్ ఉన్న మామూలు బడ్జెట్ ల్యాప్‌టాప్. ర్యామ్ పెంచాను, ఎస్‌ఎస్‌డీ వేశాను, మెషీన్ ఇప్పటికీ చురుగ్గానే ఉంది. ఇబ్బందల్లా వైఫైతోనే. రౌటర్ ఉన్న హాల్లో కూర్చుంటే ఫర్వాలేదు. వెనక గదిలోకి వెళ్తే వీడియో కాల్‌లో అవతలివాళ్ల మాట ముక్కలు ముక్కలుగా వినిపించేది. అదే గదిలో, అదే వైఫై మీద ఫోన్‌లో కాల్ చక్కగా నడిచేది. దాంతో రౌటర్‌ని అనుమానించడం మానేసి కార్డు వైపు చూశాను.

తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఒకే యాంటెన్నాతో పనిచేసే కార్డు పెడతారు. దీన్నే 1×1 అంటారు. ఏసీ రకం (అంటే వైఫై 5) కార్డయితే లింక్ స్పీడ్, అంటే ల్యాప్‌టాప్‌కీ రౌటర్‌కీ మధ్య వేగం, గరిష్ఠంగా 433 ఎంబీపీఎస్. డౌన్‌లోడ్‌లో మనకు దక్కేది అందులో సగం అటూ ఇటూగా ఉంటుంది. నన్ను ఎక్కువగా విసిగించింది స్పీడు కాదు. ఆ ఒక్క యాంటెన్నానే వైఫై, బ్లూటూత్ రెండూ వంతులవారీగా వాడుకోవాలి. 2.4 గిగాహెర్ట్జ్ మీద ఉన్నప్పుడు రెండూ ఒకే బ్యాండ్‌లో నడుస్తాయి కాబట్టి ఒకటి పనిచేస్తుంటే రెండోది ఆగాల్సిందే. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మీటింగ్‌లో ఉండగా ఏదైనా ఫైల్ డౌన్‌లోడ్ మొదలైతే చాలు, ఆడియో తడబడేది.

బదులుగా ఇంటెల్ ఏఎక్స్210 కొన్నాను. ఇది 2×2, అంటే రెండు యాంటెన్నాలతో పనిచేసే కార్డు. వైఫై 6ఈ రకం, అంటే 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్ కూడా వాడుకోగల వైఫై 6. రెండు వేల రూపాయల లోపే వచ్చింది. ఇక్కడ ఒక్క అంకె దగ్గర చాలా జాగ్రత్తగా ఉండాలి. ఏఎక్స్211 అని ఇంకో కార్డు ఉంది. చూడ్డానికి ఇలాగే ఉంటుంది, ధర కూడా దాదాపు ఇంతే. కానీ అందులో రేడియో భాగం మాత్రమే ఉంటుంది, మిగతా పని కొన్ని ఇంటెల్ ప్లాట్‌ఫామ్‌లలో ఉండే సీఎన్‌వీఐ అనే ఏర్పాటు చేస్తుంది. ఏఎండీ ల్యాప్‌టాప్‌లో అది పనిచేయదు. ఏఎక్స్200కీ ఏఎక్స్201కీ ఉన్న తేడా కూడా ఇదే. ఏఎండీ వాళ్లు 200 గానీ 210 గానీ తీసుకోవాలి.

ఆర్డర్ పెట్టే ముందే మూత విప్పి లోపల చూడండి. మొదట, కార్డు అసలు విడిగా ఉందా? సన్నటి ల్యాప్‌టాప్‌లలో కొన్నిటికి వైఫై చిప్‌ని మదర్‌బోర్డు మీదే సోల్డర్ చేసేస్తారు. విడిగా ఉంటే అది 22×30 మిల్లీమీటర్ల ఎం.2 (స్లాట్ రకం పేరు) కార్డేనా చూడాలి. తర్వాత యాంటెన్నా వైర్లు. పాత కార్డుకి ఒకే వైరు తగిలించి ఉన్నా, కొన్ని మోడళ్లలో రెండోదాన్ని కూడా లాగి, చివర టేపు చుట్టి పక్కన వదిలేస్తారు. నా దాంట్లో అలాగే ఉంది. రెండో వైరే లేకపోతే ఈ ఖర్చుకి సగం ప్రయోజనం పోయినట్టే. పాత థింక్‌ప్యాడ్ లాంటివాటిలో ఇంకో అడ్డంకి ఉంది. బయాస్ (ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే ముందుగా నడిచే ప్రోగ్రామ్) తన జాబితాలో లేని కార్డుని చూస్తే 1802 అనే ఎర్రర్ చూపించి బూట్ కాకుండా ఆపేస్తుంది. మీ మోడల్‌కి అలాంటి జాబితా ఉందేమో ముందే కనుక్కోండి.

బిగించడం పెద్ద పనేం కాదు, ఓపిక మాత్రం కావాలి. మూత తీయగానే బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. కార్డుని పట్టి ఉంచేది ఒక్క స్క్రూ, అది తీస్తే కార్డు తనే కాస్త పైకి లేస్తుంది. కష్టమంతా యాంటెన్నా వైర్ల దగ్గరే. వాటి చివర బియ్యపు గింజలో సగం ఉండే గుండ్రటి కనెక్టర్ ఉంటుంది. తీసేటప్పుడు నిట్టనిలువుగా పైకి లేపాలి, పక్కకి లాగితే విరుగుతుంది. పెట్టేటప్పుడు సరిగ్గా కార్డు మీది పిన్ను పైన ఆనించి, వేలి గోరుతో నొక్కితే టిక్‌మని కూర్చుంటుంది. ఆ చప్పుడు రాకపోతే కూర్చోలేదని అర్థం, బలం పెట్టకుండా మళ్లీ ఆనించి చూడాలి. మాటిమాటికీ తీసి పెట్టడానికి చేసిన కనెక్టర్లు కావు ఇవి. డ్రైవర్‌ని మాత్రం ముందే పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి. కొత్త కార్డుని విండోస్ గుర్తుపట్టకపోతే డౌన్‌లోడ్ చేద్దామన్నా నెట్ ఉండదు. అప్పుడు ఫోన్ నుంచి యూఎస్‌బీ టెథరింగ్ ఆదుకుంటుంది. లినక్స్‌లో అయితే కెర్నల్ 5.10 నుంచీ ఈ కార్డుకి సపోర్ట్ ఉంది.

ఫలితం సంగతి. మా రౌటర్ వైఫై 6 రకం, చానల్ వెడల్పు 80 మెగాహెర్ట్జ్. హాల్లో లింక్ స్పీడ్ 1201 ఎంబీపీఎస్ చూపిస్తుంది. పెట్టె మీద రాసే 2400 రావాలంటే రౌటర్‌లో 160 మెగాహెర్ట్జ్ చానల్ ఉండాలి. మా నెట్ ప్లాన్ 100 ఎంబీపీఎస్ కాబట్టి హాల్లో కూర్చుని స్పీడ్ టెస్ట్ చేస్తే అప్పుడూ ఇప్పుడూ ఒకటే అంకె. తేడా వెనక గదిలో తెలుస్తుంది. అక్కడ పాత కార్డు 5 గిగాహెర్ట్జ్ వదిలేసి 2.4 మీదకి పడిపోయేది. ఇది 5 మీదే నిలబడుతోంది. కాల్స్ తెగడం లేదు, ఫైల్ దిగుతున్నా హెడ్‌ఫోన్స్‌లో మాట తడబడడం లేదు. నాకు కావాల్సింది సరిగ్గా ఇదే. ఇంట్లో ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పెద్ద ఫైళ్లు పంపుకునేవాళ్లకి స్పీడు లాభం కూడా బాగా కనిపిస్తుంది. 6 గిగాహెర్ట్జ్ నేను వాడలేదు. దానికి 6ఈ రౌటర్, విండోస్ 11 రెండూ కావాలి.

ఇన్నాళ్లలో ఇబ్బందే లేదని చెప్పను. నా ల్యాప్‌టాప్ స్లీప్ నుంచి లేచాక అప్పుడప్పుడు బ్లూటూత్ మాయమయ్యేది, వైఫై మాత్రం నడుస్తూనే ఉండేది. ఇలాంటి కార్డుల్లో మదర్‌బోర్డుతో వైఫై పీసీఐఈ అనే దారిలో, బ్లూటూత్ యూఎస్‌బీ దారిలో మాట్లాడతాయి కాబట్టి ఒకటి పోయినా రెండోది ఉంటుంది. రీస్టార్ట్ చేస్తే తిరిగి వచ్చేది కాదు. పూర్తిగా షట్‌డౌన్ చేసి, చార్జర్ తీసి, పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టుకుంటే వచ్చేది. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ (త్వరగా ఆన్ అయ్యేలా పూర్తిగా షట్‌డౌన్ కానివ్వని సెట్టింగ్) ఆపేసి, డ్రైవర్ అప్‌డేట్ చేశాక ఆ టెన్షన్ బాగా తగ్గింది. బ్యాటరీ విషయంలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనిపించలేదు.

ఇప్పటికే 2×2 ఏసీ కార్డు ఉండి, రౌటర్ కూడా వైఫై 5 అయితే దీనికి డబ్బు పెట్టకండి, లింక్ స్పీడ్ అదే 866 దగ్గర ఆగుతుంది. ముందు రౌటర్ మార్చండి. చిప్ సోల్డర్ చేసి ఉన్నా, రెండో వైరు లేకపోయినా యూఎస్‌బీ వైఫై అడాప్టరే దారి. యాంటెన్నా బయటికి ఉన్నది తీసుకుంటే వెనక గదికి కూడా పనికొస్తుంది.